కారు నూనెలో తాటిబెల్లం

కోవిల్‌పట్టిలో వీరమ్మాళ్ కాపురం చేసినన్నాళ్ళూ పొద్దున కాఫీ తీసుకుపోయి ఇచ్చింది పాదాలకే. మొగుడు సీనివాసన్ నిద్ర లేవడం ఆలస్యం, పెరట్లో రేకుల షెడ్డులోకి పోయి కారు కింద దూరేవాడు. బయటికి రెండు పాదాలే కనిపించేవి. ఆమె గ్లాసు పక్కన పెట్టి పాలవాడి సంగతీ, కొళాయి సంగతీ, కూతురి సంగతీ ఆ పాదాలకే చెప్పేది. సరే అంటే కుడి బొటనవేలు ఆడేది. నచ్చకపోతే రెండు పాదాలూ లోపలికి జరిగిపోయేవి. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల పోట్లాటలన్నీ అలాగే తీరాయి.

పోయిన తమిళ ఆడి మాసంలో, పగలు అన్నం తిని పడుకున్న సీనివాసన్ మళ్ళీ లేవలేదు. కాఫీ మాత్రం ఇంకా షెడ్డుకే పోతోంది. తీసుకుపోయేదీ ఆమే, కారు కింద దూరేదీ ఆమే, చల్లారాక బయటికొచ్చి తాగేదీ ఆమే. మరిది పొన్నుసామి మొదటిసారి ఆ పాదాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వొదినా, నువ్వా లోపల ఉండేది?"

"లేదు. కాళ్ళు ఈడ పెట్టేసి సంతకు పోయినాను," అంది లోపలి నుంచి.

పొన్నుసామి నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ పూటకు నవ్వి పోయాడు.

ఆ కారుకు రెండే సీట్లు, పైకప్పు లేదు. ఒకప్పుడు ఆకుపచ్చ రంగట. శ్రీవిల్లిపుత్తూరు పైన కొండల్లో ఎవరో ఎస్టేటు దొర పందేలకు నడిపి, పాడయ్యాక వదిలేసి పోయాడు. అది చేతులు మారి మారి చివరికి సీనివాసన్ లేతు పట్టరకు, అంటే లేతు షాపుకు, పాత ఇనుము కింద వచ్చింది. పగలంతా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల మిషన్లకు సామాన్లు లేతు మీద చెక్కే మనిషి, మిగిలిన పొద్దంతా ఈ కారుకు పట్టాడు. వీధిలో వాళ్ళు దానికి సీనివాసన్ చిన్నిల్లు అని పేరు పెట్టారు. వీరమ్మాళ్ కూడా కోపం వచ్చినప్పుడు దాన్ని సవతి అనే పిలిచేది. అయినా ఆయన కింద నుంచి చెయ్యి చాపితే ఏ స్పానరు అందించాలో ఆమెకు తెలుసు. సవతికి చాకిరీ చేస్తూ చేస్తూ దాని ఒంట్లో ఏ బోల్టు ఎక్కడుందో తెలిసిపోయింది.

విరుదునగర్ అవతల, విమానాలు దిగడం మానేసిన పాత రన్‌వే మీద, కార్ల పిచ్చివాళ్ళంతా ఏటా చేరి పాత కార్ల పందెం పెట్టుకుంటారు. సీనివాసన్ ఏటా వచ్చే ఏడు పోదామనేవాడు. ఈ ఏడు నిజంగానే పేరు ఇచ్చాడు. ఇంజను మొత్తం విప్పి, కడిగి, కొత్త రింగులు వేసి, అడుగున నూనె నిలిచే తొట్టి బిగించి, ఒక్కో బోల్టు మీదా ఎర్రరంగు చుక్క పెట్టాడు. ఇక విప్పే పని లేదని దానికి అర్థం. నూనె పొయ్యడమొక్కటే మిగిలింది. ఆ నూనె పొయ్యకుండానే పోయాడు.

విరుదునగర్లో బ్యాంకు ఉద్యోగం చేసే కూతురు సత్యప్రియ, నాన్న పేరు కొట్టెయ్యొద్దు, బండి నేను నడుపుతానని కబురు పెట్టింది. కరిసల్, అంటే నల్లరేగడి, నేల బండిదారుల్లో ఆ కారు తోలడం నేర్పింది నాన్నే. వీరమ్మాళ్ సరే అంది. ఆమె కోరిక ఒకటే. ఆయన చేత్తో మూసిన ఇంజను, మరెవరి చెయ్యీ పడకుండా, ఒక్కసారి పరుగెత్తాలి.

ఆ కాలపు పందెం ఇంజనుకు ఆముదమే నూనె. బంకులో దొరికే ఇంజనాయిలూ ఆముదమూ ఒకదానితో ఒకటి కలవవు, కలిపితే లోపలంతా జిగురు పడుతుందని సీనివాసన్ వంద సార్లు చెప్పేవాడు. ఆముదం విరుదునగర్‌లో మాయాండి గానుగ నుంచే రావాలి. మాయాండి సీనివాసన్‌కు పాత స్నేహితుడు. సంగతి తెలిసి తానే ఆడించి, ఒక డబ్బా నింపి బస్సు మీద పంపాడు.

పందేనికి ముందు రోజు పొద్దున వీరమ్మాళ్ ఆ ఆముదాన్ని ఇత్తడి గిన్నెలో గోరువెచ్చగా కాచింది, చిక్కటి నూనె సందుల్లోకి జారడానికి. గరాటు పెట్టి ఇంజనులో పోసింది. కొంచెం నేల మీద ఒలికింది. ఇంజనును తిప్పే హాండిలు పట్టడానికి కూతురు రానీ అని ఆగి, వంటకు పోయింది.

మధ్యాహ్నం వచ్చి చూస్తే కారు కింద చీమలు. గోడ పగులు నుంచి బారు కట్టి, ఒలికిన నూనె చుట్టూ విందుకు కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఆముదం దగ్గరికి చీమ రావడం ఆమె పుట్టి ఎరగదు. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. తియ్యగా ఉంది. గిన్నె అడుగున ఇసుకలాగా గోధుమరంగు పొడి పేరుకొని ఉంది.

మాయాండికి ఫోను చేసింది. ఆయన తమిళంలో మురిసిపోతూ చెప్పాడు. మంచి నువ్వుల నూనె ఆడేటప్పుడు గానుగలో కరుప్పట్టి, అంటే తాటిబెల్లం, వెయ్యడం వాళ్ళ తాతల నాటి పద్ధతి. ఆముదానికి ఎవరూ వెయ్యరు. కానీ పోయిన స్నేహితుడి బండికి ఒట్టి నూనె ఎలా పంపేది? మేలైన కరుప్పట్టి చూసి మరీ వేశాడట. రుచిగా ఉందా అని కూడా అడిగాడు.

 ఇంజను తిరిగితే ఆ పొడి పోయి బేరింగుల్లో కూర్చొని వాటిని అరగదీస్తుందని మాత్రం వీరమ్మాళ్ చెప్పింది.  మాయాండి, ఇప్పుడే వేరే ఆముదం ఆడిస్తానని గొంతు తగ్గించి చెప్పి పెట్టేశాడు.

పొన్నుసామి బంకు నుంచి ఇంజనాయిలు తెస్తానన్నాడు. రెండూ కలవవు గదా అందామె. అయితే ఉన్న నూనె కిందికి వదిలి మంచి నూనె పోస్తే చాలదా అన్నాడు. బెల్లం నూనెలో కరగదు, తొట్టి అడుగునే పట్టుకొని ఉంటుంది. తొట్టి విప్పాల్సిందే. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ కారు కిందికి వంగి ఆ ఎర్రచుక్కల వంక చూశారు.

"నేను విప్పేదా, వొదినా?"

"వద్దు. ఆయన బిగించింది నేనే విప్పుతాను."

నూనె వదిలి, స్పానరు పెట్టి లాగింది. కదల్లేదు. కాలు తన్నిపట్టి లాగింది. కదల్లేదు. ఉన్నన్నాళ్ళూ మాట వినిపించుకోలేదు, పోయినా అదే తీరు.

"ఇంత బిగువు ఎందుకయ్యా? ఇది ఏడికి పారిపోతాదని?" అని కారు కిందే ఆయన్ను తిట్టింది.

బోల్టు కిర్రుమని వదిలింది. ఎర్రరంగు పొట్టు ఆమె చెంప మీద రాలింది. కింద నుంచి వచ్చే చప్పుడు ఏడుపేమోనని పొన్నుసామి వంగి చూశాడు. నవ్వుతోంది, కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఆ తర్వాతి బోల్టులు అంత మొండికెయ్యలేదు.

తొట్టినీ, నూనె వడకట్టే జల్లెడనూ వంటింటికి తెచ్చి, పాయసం గిన్నె కడిగినట్టు వేడినీళ్ళతో కడిగింది. వేడినీళ్ళకు బెల్లం కరిగిపోయింది. నీటి చుక్క మిగలకూడదని తొట్టిని ఎండలో బోర్లించి, జల్లెడను దోసెపెనం మీద ఆరబెట్టింది. అప్పుడే సత్యప్రియ వచ్చింది, వెనకాలే మాయాండి. బస్సులో ఒళ్ళో డబ్బా పెట్టుకొని, దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొని వచ్చాడట. తన కొత్త పంచెతోనే వడగట్టానని, ఒట్టి ఆముదమేనని ఒట్టు వేశాడు. వీరమ్మాళ్ వేలు ముంచి రుచి చూసింది. చేదుగా, జిడ్డుగా, సరిగ్గా ఉంది.

తొట్టి తిరిగి బిగించింది ఆమే. నూనె పోశాక ప్లగ్గులు తీసి, ఒక్కో బొక్కలో కాస్త ఆముదం వేసి, సత్యప్రియ హాండిలు తిప్పుతుంటే ఇంజను పై మూత తెరిచి చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి నూనె పైదాకా ఎగబాకి మెరిసింది. అందరూ ఊపిరి వదిలారు.

మర్నాడు రన్‌వే దగ్గర, తనిఖీ చేసేవాళ్ళు కారుకు తొమ్మిదో నంబరు కాగితం ఇచ్చారు. అది తలుపుకు అంటుకోదు. పొన్నుసామి పొద్దున్నే నూనెగుడ్డతో కారంతా తుడిచి మెరిపించాడు మరి. రెండుసార్లు అంటించారు, రెండుసార్లూ జారిపడింది, జిగురు చచ్చింది. నంబరు లేనిదే బండి కదలకూడదన్నారు. వీరమ్మాళ్ తలుపును చీరకొంగుతో రుద్దింది. మాయాండి తాంబూలం సంచిలోంచి సున్నం తీసుకొని, వేలితో, ముగ్గు గీసినంత సులువుగా, తొమ్మిది వేసింది.

"అమ్మా, కొంచెం పెద్దదైపోయింది గదా?" అంది సత్యప్రియ.

"వెనక వచ్చేవాళ్ళకి తెలియాల గదా," అంది తల్లి.

కారు కదిలాక మైదానమంతా ఆముదం వాసన కమ్మింది. చిన్నప్పుడు విరేచనానికి తాగించింది గుర్తొచ్చి పెద్దమనుషులు ముక్కులు మూసుకున్నారు. వీరమ్మాళ్ ఇంజను చప్పుడు ఒక్కటే వింటూ, కొంగు పిడికిట్లో పట్టుకొని నిలబడింది. ఎక్కడా తడబడలేదు. చివరి గీత దాటినవాటిలో అది చివరి నుంచి రెండోది. చివరిదాన్ని నలుగురు తోసుకుంటూ తెచ్చారు. గెలిచినవాడి కంటే మాయాండే ఎక్కువగా ఎగిరాడు.

ఇంటికొచ్చి కారును షెడ్డులో పెట్టగానే పొన్నుసామి బకెట్టు నీళ్ళూ గుడ్డా పట్టుకొచ్చాడు. సున్నం రంగును తినేస్తుంది, ఇప్పుడే కడిగెయ్యాలన్నాడు. అన్న పాతికేళ్ళు కష్టపడి వేసుకున్న రంగు అన్నాడు. నిజమే.

వీరమ్మాళ్ అతని చేతిలోంచి బకెట్టు అందుకుంది. తీసుకుపోయి ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకు పోసి, బకెట్టు బోర్లించి, షెడ్డు తలుపు మూసింది.