నాన్న చెప్పుల మట్టి

మా ఇంటికి ఎవరొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పినా, మా అక్క చెంచా పట్టుకుని ప్రత్యక్షమయ్యేది. అడుగున అంటిన మట్టి గీకి చిన్న కవరులో వేసుకుని, ఎటునుంచి వచ్చారని ఆరా తీసేది. చుట్టాల ముందు నాకు తల కొట్టేసినట్టుండేది. వాళ్ళేమో నవ్వుకుని ఆమెకు మట్టమ్మ అని పేరు పెట్టేశారు.

ఆమె ఉద్యోగం అదే మరి. ప్రయోగశాలలో కొత్త మందులు వెతకడం. రోగాలు తెచ్చే బ్యాక్టీరియా పాత మందులకు లొంగకుండా మొండికేస్తున్నాయట. మట్టిలోని బ్యాక్టీరియా తిండి కోసం, చోటు కోసం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఆ చంపే విషంలోంచే మనకు మందు దొరకొచ్చని అక్క చెప్పేది. స్కూటర్లు బాగుచేసుకునే నా బుర్రకు అంతవరకే ఎక్కింది.

అందరికంటే ఎక్కువ మట్టి మోసుకొచ్చేది నాన్న. పోస్ట్‌మ్యాన్ కదా, కాళ్ళరిగేలా వీధులన్నీ తిరిగేవాడు. ఇంటికి రాగానే రెండు చెప్పులూ బోర్లించి, "రావే, సరుకొచ్చింది! జీతం నీకు, మోత నాకు" అని కేకేసేవాడు.

ఆ చెప్పులోంచే ఒకసారి మడమలోకి మేకు దిగింది. అసలే షుగరు మనిషి, పైగా ఎవరికీ చెప్పలేదు. మాకు తెలిసేసరికి పాదం నల్లబడిపోయింది.

ఆసుపత్రిలో మందులు మార్చి మార్చి ఎక్కించారు. ఒక్కటీ పనిచేయలేదు. డాక్టరు మమ్మల్నిద్దరినీ పక్కకు పిలిచి, "ఈ బ్యాక్టీరియా దేనికీ లొంగట్లేదమ్మా. మోకాలి కింద నుంచి తీసేయాలి. ఆలస్యమైతే మనిషే దక్కడు" అన్నాడు. కాళ్ళ మీద బతికిన మనిషికి కాలు తీసేయడమా!

పుండులోని ఆ బ్యాక్టీరియాను ఆసుపత్రివాళ్ళ అనుమతితో అక్క ప్రయోగశాలకు పట్టుకెళ్ళింది. గాజు పళ్ళేల నిండా దాన్ని పెంచి, ఒక్కో పళ్ళెం మధ్యలో ఒక్కో రకం మట్టి బ్యాక్టీరియాను పెట్టింది. ఒకే ఒక్క పళ్ళెంలో మధ్య చుక్క చుట్టూ ఖాళీ వలయం ఏర్పడింది. అంటే అంతమేరా పుండులోది చచ్చిందన్నమాట. అది నాన్న చెప్పుల మట్టిలో దొరికిందేనని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే ఎక్కించెయ్యక్కా! ఇంకా చూస్తావేంటి?"

"ఇది రక్తకణాల్ని కూడా పగలగొడుతోందిరా. పరీక్ష చేసి చూశాను. ఇది విషం, ఇంకా మందు కాలేదు."

"ఎలాగూ కాలు పోతోందిగా!"

"కాలు పోతే మనిషి మిగుల్తాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ మట్టి గీకి ఏం ఉద్ధరించావని వార్డు గుమ్మంలోనే అరిచేశాను. మంచం మీదున్న నాన్న అంతా విన్నాడు. అక్కను దగ్గరకు పిలిచాడు.

"నాకు ఫర్వాలేదంటే, నీ చేత్తో నువ్వు ఇస్తావా తల్లీ?"

"ఇవ్వను నాన్నా."

నాన్న ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. "అయితే కొయ్యమను."

కాలు తీశారు. మనిషి దక్కాడు గానీ ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకోవడమే పనిగా పెట్టుకున్నాడు. అక్క గుమ్మం దగ్గరికి చెంచా తేవడం మానేసింది. నేను ఆమెతో ముక్తసరిగా మాట్లాడేవాణ్ణి.

ఒకరోజు ఆమె మరిచిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి ప్రయోగశాలకు వెళ్ళాను. గాజు పళ్ళెంలో ఏదో పెంచుతోంది. ఏంటని అడిగితే, నాన్న పుండులోదే అంది.

"ఛీ! నాన్న కాలు తిన్నదాన్ని తిండి పెట్టి మేపుతున్నావా?"

"ఇది చచ్చిపోతే, దీన్ని చంపే మందు దొరికిందో లేదో దేనిమీద చూడను? రేపు ఇంకొకరి కాలికి ఇదే పట్టొచ్చు." బల్ల నిండా మిగతా మట్టి రకాలతో పెట్టిన పళ్ళేలున్నాయి. ఒక్కదాంట్లోనూ వలయం లేదు. "ఉన్న మట్టంతా అయిపోయిందిరా" అంది మెల్లగా.

"నాన్ననే అడగొచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆ మాట ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను.

మర్నాడు సాయంత్రం అక్క వచ్చేసరికి నాన్న గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చంకకర్రలతో వీధి చివరి దాకా వెళ్ళొచ్చి చెమటలు కక్కుతున్నాడు. ఉన్న ఒక్క చెప్పూ విప్పి బోర్లించాడు.

"చెంచా తేవే. ఇకనుంచి సరుకు సగమే. సర్దుకో."

అక్క చెంచా తెచ్చింది. గీకలేక, ఆ చెప్పును ఒళ్ళో పెట్టుకుని బావురుమంది. నాన్న ఆమె తల మీద చెయ్యేసి ఏడవనిచ్చాడు.

"ఇక చాల్లే" అన్నాడు చివరికి. "మట్టి తడిసిపోతోంది."