పువ్వు ఆగదన్న హెప్సిబా

అయిజ పక్కన మా ఊళ్లో సీడు పత్తి చేలకు హెప్సిబా మేస్త్రి. చిన్నప్పుడు తల్లి వెంట ముంబైకి వలసపోయి ఇసుక మోసిన మనిషి. ఇప్పుడు ఆమె కేకేస్తేనే కూలీలు కదులుతారు. విత్తనం కోసం పెంచే ఈ సీడు పత్తి పని ఆషామాషీ కాదు. సాయంత్రం మొగ్గలు ఒలిచిపెట్టి, మర్నాడు పొద్దున్నే వాటికి మగపువ్వు పుప్పొడి అద్దాలి. ఎండెక్కితే అంతా వృథా. హెప్సిబా ఉంటే ఒక్క పువ్వూ వాడిపోదని రైతులు ఆమె కోసం పోటీపడతారు.

పోయిన వానాకాలంలో ఓ పొద్దున పని ఊపుమీద ఉండగా, ఆమె కింద మాతోపాటు పనిచేసే మణెమ్మకు ఫోనొచ్చింది. గద్వాల దవాఖానాలో ఉన్న తల్లి పరిస్థితి బాగాలేదట.

"అక్కా, నేను పోత."

"జర ఆగవే. నీ సాలు అయినంక పో. పువ్వు ఆగదు."

పాపం, మణెమ్మ ఆగింది. సాలు చివరి మొక్క దాకా ముగించి గద్వాల చేరేసరికి తల్లికి మాట పడిపోయింది. మళ్లీ రాలేదు. మర్నాడు ప్రాణం పోయింది.

మణెమ్మ పల్లెత్తు మాట అనలేదు. దినాలు కాగానే వచ్చి మళ్లీ అదే సాలు పట్టుకుంది. నాలుగు తిట్లు తిట్టినా హెప్సిబాకు అన్నం సయించేదేమో. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే మణెమ్మ ముఖమే కనబడుతోందని నాతో అని ఏడ్చింది. ఏడువు, నేనేం చెయ్యను అనుకున్నాను. నాకూ ఆమె మీద కోపంగానే ఉండింది.

మొన్న హెప్సిబా కొత్తింటి ప్రార్థనకు మా చర్చి సంఘమంతా పోయాం. మణెమ్మ కూడా వచ్చి నా పక్కనే కూర్చుని బిర్యానీకి ఉల్లిగడ్డలు కోసింది. వాక్యం అయ్యాక పాస్టరయ్య లేచాడు.

"ఇసుక మోసిన బిడ్డను దేవుడు ఎట్ల హెచ్చించిండో చూడుండ్రి! గెలుపంటే గిది. సాక్ష్యం చెప్పు తల్లీ."

హెప్సిబా లేచింది.

"ఇది గెలుపు కాదు అయ్యగారూ. పువ్వును కాపాడిన, మనిషిని ఇడిసిన. యేసయ్య అయితే సాలు ఇడిసిపెట్టి మణెమ్మతోని దవాఖానకు పోతుండె. తల్లి ఆఖరి మాట బిడ్డకు దక్కనియ్యలే నేను." నేరుగా మణెమ్మ ముందుకొచ్చి నేలమీద కూలబడింది. "చెల్లె, నన్ను క్షమించు."

పాస్టరయ్య బైబిలు మూసి కూర్చున్నాడు.

మణెమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "క్షమించిన అనాలనే ఉంది అక్కా. నోరు వస్తలేదు. జర ఆగు."

"ఆగుత చెల్లె," అంది హెప్సిబా. "ఎన్నేండ్లయినా ఆగుత."