నల్లమూతి వాకిలి

“గాలి ఎటునుంచి కొడుతుందో వాళ్ళకి తెలుసమ్మాయ్. కొండమీద ఒక్క ఇంటికైనా పడమటి గుమ్మం ఉందేమో చూడు. ఉండదు. అన్నీ పొద్దుపొడుపు వైపుకే. మా హెక్టర్ కట్టిన ఈ ఇంటికి మాత్రం గుమ్మం సరిగ్గా పడమరకి! తలుపు తీస్తే చాలు, పొయ్యిలో బూడిదంతా నా మొహాన్నే.”

డోలీనా అత్త ‘వాళ్ళు’ అంటుంటే పక్కింటివాళ్ళ గురించి చెబుతున్నట్టే ఉంటుంది. వాళ్ళు పోయి మూడు వేల ఏళ్ళు దాటిందంటారు. కొండవాలున వాళ్ళ ఇళ్ళ పునాదులు మాత్రం మిగిలాయి. మోకాలెత్తు రాళ్ళ వలయాలు, నాచు పట్టిపోయి, ఒక్కోదానికి ఒక్కో ఖాళీ. ఆ ఖాళీయే వాకిలి. వాటి చుట్టూ, వాళ్ళు తమ పొలాల్లోంచి ఏరి పోసిన రాళ్ళ కుప్పలు. మామూలప్పుడు ఇవేవీ కనపడవు, అంతా హెదర్ అనే ఊదాపూల తుప్పలే. సాయంత్రపుటెండ ఏటవాలుగా పడినప్పుడు ఆ పాత పొలాల గట్ల పక్కన నీడలు సాగి, మడి తర్వాత మడి, కొండంతా మెల్లగా పైకి తేలుతుంది. ఆ కాసేపూ, ఎవరో ఇప్పుడే పని ఆపి ఇంట్లోకి వెళ్ళినట్టుంటుంది. మళ్ళీ వస్తారేమోనని నేను చాలాసార్లు ఆగి చూశాను.

ఆ రోజు నేను పొయ్యిలోకి పీట్ గడ్డలు, చిత్తడినేలలో కోసి ఎండబెట్టినవి, తెచ్చి గోడ పక్కన పేరుస్తున్నాను. తుంటి విరిగినప్పటినుంచి అత్త కొండెక్కడం లేదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పోయిన భర్త హెక్టర్ దుర్భిణి పట్టుకుని కూర్చుంటుంది. లోయంతటికీ ఆమె అత్తే. సొంత మేనల్లుడు మాత్రం ఒక్కడే, టోర్కిల్. గొర్రెలు ఇప్పుడు వాడే చూస్తాడు.

“పొద్దున మేతకి అన్నీ దిగాయి. నల్లమూతి దిగలేదు,” అంది దుర్భిణి దించకుండానే.

మా కొండకి కంచె లేదు. ఏ వాలున మెయ్యాలో, ఎక్కడ తలదాచుకోవాలో తల్లిగొర్రె పిల్లకి చూపిస్తుంది, ఆ పిల్ల తన పిల్లకి. అత్త పుట్టకముందునుంచీ ఒక తల్లివరస గొర్రెలు అన్నిటికన్నా పైనున్న, గోడ నడుమెత్తున మిగిలిన చిన్న వలయంలోనే ఈనుతున్నాయి. ఆ వరసలో నల్లమూతి ఆఖరుది. దానికి ఇన్నాళ్ళూ పొట్టేలు పిల్లలే పుట్టాయి. వయసైపోయింది, ఇదే చివరి ఈత. ఈసారి ఆడపిల్ల పుట్టి బతక్కపోతే, ఆ వాకిలి తెలిసిన గొర్రె కొండమీద ఇంక ఉండదు.

“ఈనడానికే వెళ్ళుంటుందిలే అత్తా.”

“అది నాకూ తెలుసులే. లోపలికి పోయిందా లేదా అనేదే ఇక్కణ్ణుంచి తెలియడం లేదు. హెక్టర్ చేసిన ఘనకార్యం నీకు చెప్పానా?”

చెప్పింది, ఎన్నోసార్లు. లేదన్నాను.

“పెళ్ళయిన తొలి ఏడు. గొర్రెలకి చలిగాలి తగులుతోందని జాలిపడ్డాడు. ఆ వాకిలిని రాళ్ళతో పూడ్చేశాడు. లోపల వెచ్చగా ఉంటుందట! మరి లోపలికెలా పోతుంది మహానుభావా అంటే, గోడ దూకుతుందన్నాడు. నిండు కడుపుతోనా? నువ్వో దిండు కట్టుకుని దూకి చూపించు అన్నాను.” నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. “పక్కనే ఇంకో వలయం ఉంది, తెరిచే ఉంది. ఆ తల్లిగొర్రె అందులోకి పోలేదు. పూడ్చిన వాకిలి ముందే నిలబడి, అక్కడే మంచులో ఈనింది. మేం వెళ్ళేసరికి కవలలు రెండూ బిగుసుకుపోయాయి. అది ఇంకా నాకుతూనే ఉంది.”

హెక్టర్ ఆ రోజంతా రాళ్ళు తీశాడట. అప్పటినుంచి ఆ వాకిలి ముందునుంచి పోతే టోపీ తీసేవాడు.

“నాకు ఒక్కనాడూ తియ్యలేదు,” అంది అత్త. కొండకేసి చూసి, గొంతు తగ్గించింది. “ఆ ఎండాకాలం ఓ మధ్యాహ్నం అందులో కూర్చున్నా. గడ్డి మెత్తగా ఉంది, కునుకు పట్టింది. కళ్ళు మూయగానే నెత్తిమీద కప్పు వచ్చేసింది. గడ్డికప్పు, పొగచూరి. ఎవరో ఆడమనిషి కుండలో గరిటె తిప్పుతోంది. నన్ను ఎవరని అడగలేదు. కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది, అంతే. లేచి చూస్తే జుట్టంతా పొగ వాసన. ఇంటికొచ్చి చెబితే హెక్టర్ ఏమన్నాడో తెలుసా? నీ దగ్గరెప్పుడూ పొగ వాసనేగా అన్నాడు.”

నేనూ అక్కడ కూర్చున్నాను. నాకు కప్పు రాలేదు గానీ, గాలి మాత్రం గోడ బయటే ఆగింది. నా పక్కన ఎవరికో చోటు వదిలి కూర్చున్నానని లేచేటప్పుడు చూసుకున్నాను.

కిటికీ అద్దానికి మంచు రవ్వ ఒకటి తగిలింది, వెనకే ఇంకొన్ని. అత్త దుర్భిణి ఒళ్ళో పడేసింది.

“తడిక! పొట్టేలుని కట్టడి చెయ్యడానికి టోర్కిల్‌గాడు మొన్న శీతాకాలం ముందు ఆ వాకిలికి తడిక కట్టాడు. తీశావట్రా అని పొద్దున ఫోన్ చేస్తే, తీశాననే అనుకుంటున్నా అత్తా అన్నాడు. అనుకుంటున్నాడట! సంతకి పోయి కూర్చున్నాడు, చీకటిపడితేగాని రాడు.”

నేను అప్పటికే చెప్పులు విప్పి బూట్లు తొడుక్కుంటున్నాను.

“ఇలా విను. తడిక ఉంటే విప్పి, లాగి అవతల పారేసి, దూరం జరుగు. లేకపోతే మాత్రం వాకిట్లో నిలబడకు, బెదురుతుంది. చుట్టూ తిరిగొచ్చి వెనక గోడమీంచి చూడు.”

“ఆడో మగో అంత దూరంనుంచి నాకెలా తెలుస్తుంది?”

“నీకన్నీ నేనే చెప్పాలి. పిల్ల లేచి ఒంటేలు పోసేదాకా ఓపిక పట్టు. ఆడదైతే నడుం వంచుతుంది. పొట్టేలైతే ఊరికే దిగొచ్చెయ్, టీ పెడతా.” తలుపు వెనక మేకుకి తగిలించిన పాత టోపీ కేసి చెయ్యి చూపించింది. “హెక్టర్‌ది పెట్టుకుపో. ఆడదైతే, మంచు తెరిపివ్వగానే ఆ వాకిలి పక్కన నిలబడి, నాకు కనపడేట్టు ఒక్కసారి ఆ టోపీ తియ్యమ్మా.”