కళ్లు మూసుకున్న నేరం

పాత దస్తావేజుల నకళ్లను తెర మీద అక్షరం అక్షరం సరిచూసే ఆ ఆఫీసులో ఆవిడను అందరూ ‘భూతద్దం’ అనేవారు. పదకొండేళ్లలో ఆవిడ చూపు నుంచి తప్పించుకున్న తప్పు అరుదు. ఈ ఏడాది మాత్రం అంకెలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోవడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి కణతలు పగిలిపోయేవి. గంటకు ఐదు నిమిషాలైనా తెర నుంచి చూపు తప్పించకపోతే ఎన్ని అద్దాలు మార్చినా వృథా అని కళ్ల డాక్టరు తేల్చేసింది.

యాజమాన్యానికి మాత్రం ఉద్యోగుల కళ్ల మీద జాలి లేదా? అదే నెలలో ‘నేత్ర విశ్రాంతి’ అనే పథకం వచ్చింది. గంటకోసారి తెర మీద ప్రకటన వెలుగుతుంది: ‘దయచేసి ఐదు నిమిషాలు కళ్లు మూసుకోండి.’ దాని కింద ఒక మీట: ‘మూసుకున్నాను.’ ఆ ఐదు నిమిషాల్లో మీట పదిసార్లు మెరుస్తుంది. మెరిసిన పది సెకన్లలో నొక్కనివారు సీటులో లేనట్టు లెక్క.

ముప్పై ఏడు మంది కళ్లు విప్పార్చుకుని, మీట ఎప్పుడు మెరుస్తుందా అని రెప్ప వేయకుండా కాచుకుని, తాము కళ్లు మూసుకున్నామని పదేపదే ధ్రువీకరించారు. పనిలో ఉన్నప్పుడైనా అప్పుడప్పుడు రెప్పలు ఆర్పేవారు. విశ్రాంతిలో ఆ వెసులుబాటు కూడా పోయింది.

ముప్పై ఎనిమిదో మనిషి భూతద్దం. ఆవిడ నిజంగానే కళ్లు మూసుకుంది.

రెండు వారాలకు తలనొప్పి తగ్గింది. అంకెలు విడివిడిగా నిలబడ్డాయి. నెలాఖరున నోటీసు వచ్చింది: నూట అరవై ఒక్క గైర్హాజరీలు, సంజాయిషీ సంతృప్తికరంగా లేకుంటే కాంట్రాక్టు పొడిగింపు లేదు.

బస్సుల మరమ్మతు షెడ్డులో పనిచేసే భర్త ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

“నూట అరవైసార్లు ఎక్కడికెళ్లావే?”

“ఎక్కడికీ వెళ్లలేదయ్యా. కళ్లు మూసుకున్నా.”

“అందరిలా తెరిచి మూసుకోకపోయావా? నా ఒక్కడి జీతంతో ఇల్లు గడుస్తుందా?”

“మీ ఇంజన్లకైతే చల్లారేదాకా ఆగుతారు!”

మర్నాడు సూపర్‌వైజరు ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

“మూసుకోవద్దనట్లేదమ్మా. మూసుకుని, మీట మెరిసినప్పుడు నొక్కండి.”

“మెరిసిందని ఎలా తెలుస్తుంది సార్?”

“చూసుకుంటూ ఉండాలి.”

“కళ్లు మూసుకునా?”

ఆయన నుదురు తుడుచుకున్నాడు. “మిగతావాళ్లంతా నొక్కట్లేదా? మీకొక్కరికే ఎందుకమ్మా ఈ పట్టింపు?”

“సరే సార్. మూసుకోమన్నప్పుడు తెరిచే ఉంచాలని ఒక్క ముక్క రాసి, సంతకం పెట్టివ్వండి. రేపటి నుంచి అలాగే చేస్తా.”

ఆయన కలం తీశాడు. మూత తీశాడు. మళ్లీ పెట్టేశాడు.

ఆవిడ ఆ నెల ఎవరి చూపు నుంచి ఎన్ని తప్పులు జారిపోయాయో చెప్పే పట్టిక బల్ల మీద పరిచింది. మిగిలినవారివి తలకు నలభైకి తగ్గలేదు, ఆవిడవి రెండు. “సీట్లో లేని మనిషి ఇంత పని ఎలా చేసిందో కూడా రాయండి సార్.”

కాంట్రాక్టు పొడిగించక తప్పలేదు. నిబంధన తప్పని ఒప్పుకోవడం మాత్రం పైవారికి చేతకాలేదు. అందుచేత కొత్త ఉత్తర్వు వచ్చింది: సదరు ఉద్యోగిని కళ్లు మూసుకున్నప్పుడు, ఆమె తరఫున సూపర్‌వైజరు మీట నొక్కవలెను.

“సార్, మావి మాత్రం గాజు కళ్లా?” అంది పక్క బల్ల ఆవిడ మర్నాడే. వారం తిరిగేసరికి ఆ ఉత్తర్వు అందరికీ వర్తించింది, ముప్పై ఎనిమిది మందీ కళ్లు మూసుకున్నారు. సూపర్‌వైజరు బల్ల నుంచి బల్లకు పరుగులు తీశాడు. రెండు రోజులు ఓర్చాడు. మూడో రోజు ఉత్తర్వును అడ్డంగా, నిలువుగా చదివి ఒక సంగతి కనిపెట్టాడు: తెర ఆరితే మీట మెరవదు; మెరవని మీటను నొక్కలేదని ఎవరికీ గైర్హాజరీ వేయడం కుదరదు. గంట కాగానే గోడ మీది పెద్ద స్విచ్చి కట్టేశాడు.

గదిలో తెరలన్నీ నల్లబడ్డాయి. కిటికీ అవతల ఎవరో సైకిలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. ‘నేత్ర విశ్రాంతి నూటికి నూరు శాతం అమలు’ అని పైకి నివేదిక రాసి, ఆయన ఎర్రబడిన కళ్లతో భూతద్దం పక్క కుర్చీలో కూలబడ్డాడు.

“అమ్మా, ఐదు నిమిషాలయ్యాక కాస్త లేపండి.”

ఆవిడ పది నిమిషాలు ఆగింది.