చక్కెర బతుకమ్మ

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నానంటే జాలి పడకండి. దాన్ని అమ్ముకునే బతుకుతున్నాను.

హనుమకొండలో ఒక బేకరీలో, కేకుల మీద పెట్టే చక్కెర పూలు చేయడం నా పని. చక్కెర పొడిలో జిగురు కలిపి పిసికితే మైనంలాంటి ముద్ద వస్తుంది. రేకులుగా ఒత్తి ఆరబెడితే పింగాణీలా గట్టిపడుతుంది. హైదరాబాద్‌లో నేర్చుకుని వచ్చాను కాబట్టి ఇక్కడ నన్ను మించినవాళ్లు లేరనుకునేదాన్ని. నా గులాబీల పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లంటే చులకన. గులాబీకీ గోబీపువ్వుకీ తేడా తెలియనివాళ్ల మెప్పు ఎవరిక్కావాలి? అయినా ఆ మెప్పు ఒక్కరోజు తగ్గినా ఓర్చుకోలేకపోయేదాన్ని.

స్వరూప వర్ధన్నపేట నుంచి వచ్చింది. పని నేర్పింది నేనే. నోటి దురుసు పిల్ల. ఒకసారి అందరి ముందూ, "అక్కా, నీ గులాబీలన్నీ ఒక్కతీరే ఉంటయి, యూనిఫాం ఏసుకున్న పిల్లల లెక్క," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం కాబట్టి మరిచిపోలేదు.

ఆ ఎండాకాలం ఒక బట్టల వ్యాపారి కూతురి పెళ్లికి పెద్ద కేకు ఒప్పుకున్నాం. దాని మీద చక్కెరతో బతుకమ్మను పేరుస్తానంది స్వరూప. మా సేట్ సరేనన్నాడు. తంగేడు పూలు, గునుగు పూలు ఒక్కొక్కటే చేసి పేర్చింది. చాలాసేపు చూశాను. తప్పు వెతుకుదామని చూశాను. దొరకలేదు.

చక్కెర పూలకు తడి పడదు. ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీస్తే చెమట పట్టి మెత్తబడతాయి. పెళ్లిరోజు మధ్యాహ్నం స్వరూప చీర మార్చుకోవడానికి వెళ్లింది. ఆ బతుకమ్మను నా చేతులతో ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆమె తిరిగొచ్చేసరికి తీసి, డబ్బాలో సర్ది సిద్ధంగా ఉంచాను.

ఫంక్షన్ హాల్లో రేకులు వాలిపోయాయి. గునుగు పూలకు అద్దిన ఎరుపు కరిగి తెల్ల కేకు మీద కారింది. పెళ్లికూతురు ఏడ్చేసింది. చెమట పట్టిన రేకులు చూడగానే సంగతి అర్థమై సేట్ మమ్మల్నిద్దరినీ పక్కకు పిలిచాడు.

"ఇజ్జత్ తీసిన్రు గదా! దీన్ని ఫ్రిజ్ల ఎవలు వెట్టిన్రు?"

"స్వరూపనే సేట్. నేను వద్దన్న, ఇనలే," అన్నాను.

స్వరూప నా ఎదురుగా వచ్చి నిలబడింది. "అక్కా, నా మొకం జూసి చెప్పు. నేను వెట్టిన్నా?"

చూశాను. చూసే చెప్పాను. "నువ్వే వెట్టినవ్."

తల దించుకుని చెప్పి ఉంటే కాస్తయినా సిగ్గుందనుకునేదాన్ని.

ఆ రోజే ఆమెను పనిలోంచి తీసేశారు. సేట్ మాట విని ఊళ్లో ఏ బేకరీ రానివ్వలేదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే చోట చేరిందని విన్నాను. చక్కెర బతుకమ్మను నేను మొదలుపెట్టాను. పద్ధతి ఆమెదే, పేరు నాది. పని నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలు, "మేడమ్, ఈ ఐడియా ఎట్లొచ్చింది?" అని అడుగుతారు. చిన్నప్పటి జ్ఞాపకాలని ఏదో చెబుతాను. నోళ్లు తెరుచుకుని వింటారు. వాళ్లన్నా చులకనే. ఎవరిని చులకన చేస్తే నేను కాస్త ఎత్తుగా కనిపిస్తానో వెతుక్కోవడం తప్ప నేను చేసిందేముంది?

మొన్న స్వరూప షాపుకొచ్చింది, బిడ్డ పుట్టినరోజుకు కేకు కోసం. అద్దాల బీరువాలోని బతుకమ్మ వైపు చూసింది. "పూలొద్దక్కా, సాదాది ఇయ్యి," అంది. కట్టి ఇచ్చాను. పక్కన ఎవరూ లేరు, చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఆమె మెట్లు దిగి వెళ్తుంటే నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు. గొడవ చేయలేదన్న హాయి.

అందుకే మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమే. నేనెవరో మీకు తెలియదు కదా. క్షమించమని అడగను, అడిగితే నన్ను నేను మెచ్చుకోవడానికి ఇంకో సాకు దొరికినట్టవుతుంది. ఛీ అనుకుంటే అనుకోండి. ఇన్నాళ్లూ ఆ మాట నేనొక్కదాన్నే అనుకున్నాను. ఇప్పుడు మీరూ తోడయ్యారు.