డాఫొడిల్ కుండీలకు వేసవి నీళ్లు

నేను ఒమన్‌కు వచ్చిన పద్దెనిమిదో ఏడు. మస్కట్‌లో, అజైబాలోని ఒక విల్లాలో తోట డ్యూటీ. ఇంటామె ఇంగ్లండ్ మనిషి, ఒకప్పుడు టీచరమ్మ. అక్టోబరులో సెలవు నుంచి వస్తూ ఒక కాగితపు పొట్లం తెచ్చింది. అందులో నల్లటి గింజలు. డాఫొడిల్ అట, చలిదేశపు పువ్వు. అందరూ దాని బల్బును, అంటే ఉల్లిగడ్డలాంటి దుంపను కొని నాటుతారు. ఈమె తన చెల్లెలి తోటలో రెండు రకాల పూలకు పుప్పొడి కలిపి, ఆ గింజలు ఏరి తెచ్చింది. ఎలాంటి పువ్వు వస్తుందో ఆమెకూ తెలియదు.

"ఎన్ని నెలలకు పూస్తుంది మేడమ్?" అని అడిగాను. మా మాటంతా హిందీలోనే. ఆమె హిందీ నా హిందీకన్నా అధ్వానం.

"నెలలు కాదు నర్సయ్యా, ఐదారేళ్లు."

"ఈ ఎండలకా? ఇది అయ్యే పని కాదు."

"మా ఆయన కాంట్రాక్టు ఆరేళ్లు. అంతలోపల ఒక్క పువ్వు చూస్తే చాలు. ఎక్కడా ఇన్నేళ్లు ఉండనే లేదు మేము."

గింజలను తడి ఇసుకలో కలిపి రెండు నెలలు ఫ్రిజ్‌లో పెట్టాం. దీన్ని స్ట్రాటిఫికేషన్ అంటారు. చలికాలం వచ్చిందని గింజను నమ్మించడమన్న మాట. డిసెంబరులో కుండీకి ఒక్కో గింజ చొప్పున నాటాం. జనవరిలో ముప్పై మొలకలు వచ్చాయి. ఒక్కో మొలకకు ఒక్కటే పోచ.

ఆ ఇంటి డ్రైవరు ఖాదర్‌ది కడప. నలభై దాటిన నాకు రూమ్‌లో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పినవాడు. కుండీలు చూసి పడీపడీ నవ్వాడు.

"ఏంది మామా, గడ్డి పెంచుతాండావా? దీన్ని ఇక్కడి మేకలు గూడా ముట్టవు."

"నీకేం తెల్సు భాయ్? పో, నీ కారు తుడ్సుకో పో."

ఎండలు ముదరగానే డాఫొడిల్ ఆకు ఎండిపోతుంది. కింద బల్బు బతికే ఉంటుంది. దాని నిద్రను డార్మెన్సీ అంటారు. అప్పుడు నీళ్లు పొయ్యకూడదు. మొదటి వేసవి మేడమ్ ఇక్కడే ఉండి, కుండీలు తనే చూసుకుంది. రెండో వేసవి సెలవుకు పోతూ నాకు అప్పజెప్పింది. మరిచిపోకుండా అట్ట మీద నా చేత్తోనే రాసి పెట్టుకున్నాను: ఆకు ఎండితే నీళ్లు బంద్.

జూన్ ఎండకు కుండీల్లో మట్టి రాయిలా బిగిసింది. మస్కట్‌లో ఒక్కపూట నీళ్లు తప్పితే చెట్టు చస్తుందని ఇన్నేళ్లుగా చూస్తున్నవాణ్ణి. చలిదేశపు మనిషికి ఇక్కడి ఎండ ఏం తెలుసనుకున్నాను. రోజూ పొద్దున ఆ అట్ట చదివాను, రోజూ పైపు పట్టాను. చదవడం నేర్చుకున్నాను గానీ, చదివింది నమ్మడం నేర్చుకోలేదు.

సెప్టెంబరులో తవ్వి చూస్తే బల్బులు చేతికి పిసపిసలాడాయి. కుళ్లు వాసన. మెట్ల కింద, పైపు అందని మూలన ఉన్న ఆరు కుండీలే మిగిలాయి.

"ఎండకు సచ్చినాయని చెప్పు మామా. ఎవురికి తెలుస్తాది?" అన్నాడు ఖాదర్.

"నాకు తెల్సు గద."

మేడమ్ రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె కుళ్లిన బల్బునొకదాన్ని వేళ్లతో నలిపి చూసింది. తర్వాత అడిగింది: "మీ ఊళ్లో ఏం పండించేవాడివి?"

"పసుపు."

"ఆకు ఎండిన తర్వాత, విత్తనానికి దాచిన పసుపు కొమ్ముల మీద నీళ్లు పోస్తావా?"

"పొయ్యను. కుళ్లిపోతాయి."

"మరి?"

తిడితే తేలికయ్యేది. ఆమె తిట్టలేదు. "ఆ ఆరూ నువ్వే చూడాలి. నేను చెయ్యి పెట్టను," అని లోపలికి పోయింది.

అప్పటి నుంచి పసుపు విత్తనాన్ని చూసుకున్నట్టే చూసుకున్నాను. ఏటా ఆకు ఎండగానే తవ్వి, నీడకు ఆరబెట్టి, వల సంచిలో వేసి ఏసీ గదిలో వేలాడదీశాను. చలికాలం ముందు ఫ్రిజ్‌లో పెట్టాను. ఆపిల్ పండ్ల పక్కన మాత్రం పెట్టలేదు. వాటి ఆవిరికి బల్బు లోపలి మొగ్గ చస్తుందని మేడమే చెప్పింది. చలి పడగానే మళ్లీ కుండీల్లో నాటాను. ఇంకో రెండు పోయాయి. నాలుగు బలిశాయి.

ఆరో ఏడు ఫిబ్రవరిలో ఒక కుండీలో మొగ్గ కనబడింది. అప్పటికే విల్లా వరండాలో సామాను పెట్టెలు కడుతున్నారు. నాలుగు రోజులకు మొగ్గ విచ్చింది. తెల్ల రేకులు, నడుమ లేత పసుపు గిన్నె. చిన్న పువ్వు, కాడ కొంచెం వంకర. ఖాదర్ వంగి చూసి, "ఇంతేనా మామా?" అన్నాడు. మేడమ్ ఆ మట్టిలోనే కూర్చుంది.

"ఇట్లాంటిది ఇంకెక్కడా లేదు నర్సయ్యా," అంది. భర్తను పిలిచింది, వంటమనిషిని పిలిచింది, గేటు దగ్గరి మనిషిని కూడా పిలిచింది. వారం రోజులు ఆ పువ్వు దగ్గరే టీ తాగింది. మేలో వాళ్లు వెళ్లిపోయారు.

నేనిప్పుడు వేరే విల్లాలో చేస్తున్నాను. ఎండాకాలం పైపు పట్టే ముందు మట్టిలో వేలు పెట్టి చూస్తాను. అక్కరలేదనిపిస్తే పైపు కింద పెట్టి నీడకు కూర్చుంటాను. మొన్న మా తోటపని కంపెనీ సూపర్‌వైజర్ అటు వచ్చి, "ఏం పనిలేదా?" అని అరిచాడు.

"చేస్తున్నా సార్," అన్నాను.