తాలు తాత

మా తాతను ఊరంతా తాలు తాత అనేవారు. తాలు అంటే గింజ లేని పొట్టు. ఆయన చెప్పేవన్నీ తాలు ముచ్చట్లేనని వాళ్ళ లెక్క. పైగా కోడిని పిలిచినా, ఎద్దును పిలిచినా, చివరికి నన్ను పిలిచినా ‘తాల్, తాల్’ అనేవాడు. పేరు అట్లా అతుక్కుంది. అదేం మాట తాతా అని అడిగితే, “నా గుర్రానికి ఎర్కే, మీకెందుకు?” అని కసురుకునేవాడు. కోపంలో నేనూ ఆయన మనవణ్నే. తాలు తాత మనవడా అని పిలిచినందుకు బడిలో ఒకడి చెవి కొరికాను.

తాత వయసులో ఉన్నప్పుడు, మొదటి ప్రపంచ యుద్ధానికి, సర్కారు గుర్రపు పటాలంలో తనంతట తానే పేరిచ్చి చేరాడు. సొంత గుర్రం తెచ్చుకున్నవాళ్ళనే తీసుకునే పటాలమట అది. తన ఎర్రగుర్రంతోపాటే ఓడెక్కి అరబ్బు దేశం పోయాడు. అక్కడ ఇసుకలో ముందు గుర్రాలు తాగాలి, మిగిలితే మనుషులు. తుపాకుల మోతకు గుర్రం బెదిరితే దాని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండాలి. యుద్ధం అయ్యాక మాత్రం ఓడలో మనుషులకే చోటన్నారు. రేవులో తాత ఓడెక్కుతుంటే ఎర్రగుర్రం తలెత్తి చూసిందట. 

“గుర్రాలు ఓడెక్కుతయా? ఎవలకు జెప్తవే తాతా” అని రచ్చకాడ నవ్వేవారు.

ఎనభైల చివర నేను ఒమన్ పోయాను. కట్టడం పని అని తీసుకుపోయి, సమాయిల్‌లో ఒక ఖర్జూర తోటలో పడేశారు. తిట్టుకుంటూనే పాదులు తీశాను. తోట యజమానిని అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన తండ్రి ముసలాయనకు ఒక ఆడగుర్రం ఉండేది. వెళ్ళిన వారంలోనే, తోట చివర మేస్తున్న దాన్ని చూసి ముసలాయన చెయ్యి చాపి, “తాల్, తాల్” అన్నాడు. గుర్రం నడుచుకుంటూ వచ్చి ఆయన భుజం మీద మూతి పెట్టింది.

పార అక్కడే వదిలేశాను. పక్కన పనిచేసే బలూచీ అతణ్ణి అడిగాను, ఆ మాటకు అర్థమేమిటని.

“తాల్ మానే ఆవో” అన్నాడు అతను, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

రా. అంతే, అరబ్బీలో రమ్మని. ఊరంతా పొట్టు అనుకుని నవ్విన మాట అది. వెంటనే పోయి తాతకు చెప్పాలనిపించింది: నీ మాట నిజం తాతా, నేను విన్నాను, గుర్రం వచ్చింది అని. ఇంటికి ఉత్తరం రాశాను. కానీ చదివి వినిపించాలన్నా, తొంభై దాటిన తాతకు చెవుడు. నేను చెవిలో అరిస్తే తప్ప ఎవరి మాటా ఆయనకు పట్టేది కాదు. లీవు అడిగితే అర్బాబ్ “బుక్రా” అన్నాడు. బుక్రా అంటే రేపు. ఇంతలో కువైట్‌లో యుద్ధం వచ్చింది, మళ్ళీ బుక్రా అన్నాడు. ఆ రేపటి కోసం ఎంత అల్లాడానో నాకే తెలుసు. సాయంత్రాలు ముసలాయన గుర్రాన్ని పిలుస్తుంటే పని ఆపి, తాత గొంతే అనుకుని వినేవాణ్ణి.

లీవు దొరికి ఇల్లు చేరేసరికి తాత లేడు.

“పాణం వొయ్యేముందు తాలు, తాలు అన్నడు బిడ్డా” అంది అమ్మ. “ఏం గావాల్నో సమజ్ గాలే. చాటల ఇంత తాలు వోసి మంచం మీద వెట్టినం. దాంట్ల చెయ్యి వెట్టి సూశి, మల్ల గదే మాట.”

నా ఉత్తరం వాళ్ళకు చేరనే లేదట. తాల్ అంటే ‘రా’ అని అప్పుడు చెప్పాను.



“అందరం మంచం సుట్టే ఉంటిమి గదరా” అంది అమ్మ. “ఒక్కలమన్న దగ్గరికి వోకపోతిమి.”